వేసవి బస

సముద్రం కనిపించే గదులు సెలవులకొచ్చిన వాళ్ళకి,
బొగ్గుల కొట్టు కనిపించేవి స్టేజీ వాళ్ళకి.
లాంకషైర్ తీరాన, యుద్ధానికి ముందు,
మా అమ్మ ఎడ్నా పెట్టిన చట్టమది.
వారం బాడుగ ముందే ఇవ్వాలి.
దిండు గలేబుకి రంగు అంటితే అదనం.
అంటేది.

సోమవారాలు ఆ గలేబులు ఉతకడం నా వంతు.
ఒక్కో బట్ట మీద ఒక్కో సగం ముఖం,
ఇక్కడో పెదవి, అక్కడో కనుబొమ్మ.
వేణ్ణీళ్ళలో వేస్తే కాసేపు తేలి
ఎవరివో చెప్పకుండానే కరిగిపోయేవి.

మాట్లాడే బొమ్మ ఆట ఆడించే కత్‌బర్ట్ గారు
రాత్రి భోజనానికి బొమ్మను వెంట తెచ్చుకునేవాడు.
బొమ్మ నోరు విప్పితే అమ్మ పొట్ట పట్టుకుని నవ్వేది.
ఆయన నోరు విప్పితే
ఉప్పు ఇటు జరపమనడానికే.
సీజను చివర, బాకీ తీర్చలేనన్న సంగతి
బొమ్మతోనే చెప్పించాడు.
కొయ్య ముఖం, ఎర్రబడలేదు.
అమ్మ కూడా బొమ్మనే తిట్టింది,
ఆయనకి దారిలో తినడానికి రొట్టె కట్టిచ్చింది.

పొద్దున లేస్తే తెర, రాత్రయితే తెర,
ఒకటి నీళ్ళది, ఒకటి మఖమలుది.
పడ్డ ప్రతిసారీ చప్పట్ల కోసం చెవి రిక్కించేది
ఆ రెండోదే.

ఓలరెన్‌షా, పిమ్: ఇద్దరూ కలిస్తే ఒక జోకు.
ఒకాయన అడుగుతాడు, ఒకాయన తప్పు చెబుతాడు.
పిమ్ మార్చిలో పోయాడు, ఊపిరితిత్తులు.
జూన్‌లో ఓలరెన్‌షా ఒక్కడే వచ్చాడు,
రెండు మంచాల గదే కావాలన్నాడు.
సముద్రంలోకి చొచ్చుకుపోయిన చెక్కల వంతెన చివర
మా ఊరి హాలు.
ఆ రాత్రి నేను వెనక వరసలో నిలబడ్డాను.
ఆయన అడిగాడు,
అడిగి ఆగాడు,
పిమ్‌కి ఎంతసేపు పడుతుందో సరిగ్గా అంతసేపు.
జనం దగ్గారు.
"మర్చిపోయాడు ముసలాడు" అన్నాడెవడో కుర్రాడు.
అప్పుడు పలకల కింద
సముద్రం ఒక్క దెబ్బ కొట్టింది.
ఆయన తలూపి
తర్వాతి మాట అందుకున్నాడు.
హాలంతా నవ్వింది.
ఎందుకు నవ్విందో నాకిప్పటికీ తెలీదు,
నేనూ నవ్వాను.

మాడీ త్రెల్‌ఫాల్ సంగతి వేరు.
ఆమె సినిమాలో ఉంది.
బొమ్మ మా ఊరికొచ్చిన రోజు వీధి వీధంతా కదిలింది,
కసాయి కొట్టు కూడా ముందే మూశారు.
ఏడో రీలులో ఒక నర్సు నడిచొచ్చి
కిటికీ తెరుస్తుంది.
వీపే కనిపిస్తుంది. పదకొండు సెకన్లు.
"అదిగో!" అని అరిచేసరికి అయిపోయింది.
మాడీ చీకట్లో నా చెయ్యి నొక్కి
"కిటికీ గడియ బిగుసుకుపోయింది ఆ రోజు,
అందుకే అంతసేపు ఉంచారు" అంది.

ఆపరేటర్ పెర్సీకి ఆమె మీద మనసు.
ఆ రీలులో జానెడు ముక్క కత్తిరించి
ఆమె చేతిలో పెట్టాడు.
పన్నెండు బొమ్మలు, అర సెకను.
తర్వాతి ఊళ్ళో చూసిన వాళ్ళకి
మాడీ పదిన్నర సెకన్లే.

రెండు వారాల బాకీ కింద
ఆ జానెడు ముక్క టీ డబ్బాలో పెట్టి వెళ్ళింది.
మళ్ళీ రాలేదు. ఎక్కడుందో,
ఏ ఊళ్ళో ఎవరికి ఎన్ని సెకన్లు మిగిలిందో.

హాలు ఒక జనవరి తుఫానులో కొట్టుకుపోయింది.
అమ్మ పోయింది. గదులన్నీ ఇప్పుడు నావే,
సముద్రం ఉన్నవీ లేనివీ.
వంటింటి కిటికీలో, రెండు గోడల మధ్య,
వేలెడు వెడల్పున నీళ్ళు కనిపిస్తాయి.
అక్కడ ఆ ముక్కను వెలుతురుకి పట్టి చూస్తాను.
మాడీ చెయ్యి గడియ మీద ఉంటుంది.
రెండో బొమ్మలో గడియ మీదే.
పన్నెండో దాంట్లోనూ గడియ మీదే.

ఇవాళ డబ్బా మూత పెట్టి
మా కిటికీ నేనే తెరిచాను.
బిగుసుకుపోయి ఉంది, భుజంతో నెట్టాల్సొచ్చింది.
పక్కింటి వేపుడు చేపల వాసన, చలి
రెండూ ఒకేసారి లోపలికొచ్చాయి.